చిన్న చేతికి ఓ పని

“బాబూ, ఈ బస్సు ఎందాకా పోతుంది?”

బస్టాండులో ఓ పెద్దావిడ అడుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు తలెత్తి బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కునేలోపే పక్కనున్న తండ్రి జవాబు చెప్పేస్తాడు. ఇంకో తండ్రయితే ‘మనకెందుకు, పద’ అని చెయ్యి పట్టి లాగుతాడు. మొదటాయన మంచివాడే. కానీ ఇద్దరి దగ్గరా పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే: ఇది నా పని కాదు.

సాయం చేయాలన్న ఉబలాటం పిల్లలకు మనం కొత్తగా నూరిపోయాల్సింది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే పరిశోధకులు 18 నెలల పసివాళ్లను గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కొత్త మనిషి బట్టలు ఆరేస్తుంటే క్లిప్పు జారిపడుతుంది. చెయ్యి చాపినా అందదు. ఎవరూ చెప్పకుండానే చాలామంది పిల్లలు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి తీసిచ్చారు. అదే మనిషి క్లిప్పును కావాలని విసిరేస్తే అంతగా పట్టించుకోలేదు. ఏది అవసరమో ఆ వయసుకే తెలుస్తోందన్నమాట! రెండేళ్లకు ఆ ఇద్దరే ఇంకొకటి చూపించారు. సాయం చేసినప్పుడల్లా ఆటవస్తువు అందుకున్న 20 నెలల పిల్లలు, అది ఆగిపోయాక సాయపడటం తగ్గించారు. మెచ్చుకోలు మాత్రమే అందినవాళ్లు, ఏమీ అందనివాళ్లు ఎప్పటిలాగే సాయపడ్డారు. ‘తాతకు దారి చూపించు, చాక్లెట్ కొనిపెడతా’ అనే మాట నోటిదాకా వచ్చినా ఆపుకోవాలి.

ఒకప్పుడు మన ఊళ్లలో చదువురాని ఇంటికి కార్డు ముక్క వస్తే బడికెళ్లే పిల్లల్ని కేకేసేవారు. ఆరో తరగతి పిల్ల అరుగు మీద కూర్చుని, బొంబాయిలో ఉన్న కొడుకు రాసింది గట్టిగా చదివేది. తల్లి కళ్లు తుడుచుకుంటే ఆగేది. ఆమె చెప్పింది చెప్పినట్టు జవాబు రాసిపెట్టేది. ఉత్తరాలు పోయాయి, అక్షరంతో అవసరం పోలేదు. బ్యాంకులో ఫారం పట్టుకుని ‘కాస్త రాసిపెడతావా అమ్మా’ అనేవాళ్లు, ఆసుపత్రిలో చీటీ చూపించి ఏ గదికెళ్లాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వేసవిలో అయితే చలివేంద్రాన్ని మించిన బడి లేదు. ఇసుక మీద కుండలు, చుట్టూ తడిగోనె, పొడుగు కాడ గరిటె. మొదటిరోజు పిల్లలు సగం ఒలకబోస్తారు. ఒలకనివ్వండి. దోసిలి పట్టినవాళ్లకు సన్నధారగా పోయాలని, ఆటో దిగలేని డ్రైవరుకు గ్లాసు తామే తీసుకెళ్లాలని, ఎండనపడి వచ్చిన ముసలాయనకు ముందు కూర్చునే చోటు చూపాలని వాళ్లకే తెలుస్తుంది. ఎవరు, ఏ కులం అని అడిగే పని లేదక్కడ. ఆ సమయంలో దయచేసి ఫొటోలు తీయకండి. వచ్చినవాళ్లు దాహంతో వచ్చారు, మన స్టేటస్‌లో కనిపించడానికి కాదు.

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ చూడకుండా వండి వడ్డించారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. రోజూ ఆ అన్నం తినే పిల్లలకు ఆమె ఎవరో తెలియాలి కదా!

తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. కొత్తవాళ్లకు సాయం మన కళ్లెదుటే, నలుగురున్న చోటే. ‘సాయం కావాలి, నాతో రా’ అని ఎవరైనా ఒంటరిగా పిలిస్తే వెళ్లొద్దని, వెంటనే వచ్చి చెప్పాలని అదే రోజు నేర్పాలి. రోడ్డు ప్రమాదం దగ్గర మాత్రం ‘పోలీసు కేసవుతుంది’ అనే పాత భయాన్ని వాళ్లకు అంటించొద్దు. గాయపడ్డవాళ్లను ఆదుకునేవారికి 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ రక్షణ ఇచ్చింది. పక్కనున్న గుడి పేరో, దాటొచ్చిన పెట్రోలు బంకో గుర్తు చెబుతూ 108కు వివరం ఇవ్వడం పదేళ్ల పిల్లకు చేతనయ్యే పనే. ఏం చెప్పాలో ఇంట్లో ఓసారి ఆమె నోటే చెప్పించి చూడండి.