ఒక్క ఫొటోలో పెళ్లి కథంతా..

పెళ్లిలో వందల ఫొటోలు తీసినా, చివరకు గోడకెక్కేది ఒక్కటే. రీలు కెమెరాల కాలంలో ఒక రీలుకు 36 ఫొటోలే వచ్చేవి కనుక ఆచితూచి మీట నొక్కేవారు. డిజిటల్ కెమెరాలతో ఆ పరిమితి తొలగినా, ముహూర్తం మాత్రం రెండోసారి రాదు.

తొలిచూపే కీలకం

తెలుగువారి పెళ్లిలో కథంతా ఇమిడే ఘట్టం జీలకర్ర-బెల్లం. వధూవరులు ఒకరి తలపై మరొకరు చేయి ఉంచాక అడ్డుతెర తొలగుతుంది. ఆ క్షణాన ఫొటోగ్రాఫర్ తెర అంచువైపు నిలబడితే ఇద్దరి చూపులూ, వెనుకనున్న కన్నవారి ముఖాలూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. 'ఇటు చూడండి' అని పిలిస్తే చూపులు కెమెరావైపు మళ్లి, ఆ సహజత్వం పోతుంది.

తలంబ్రాలకు వేగం

జారే తలంబ్రాలు గాలిలో నిలిచినట్లు కనిపించాలంటే షట్టర్ వేగం సెకనులో 500వ వంతు వరకు ఉండాలి. 60వ వంతుకు తగ్గిస్తే గింజలు గీతలుగా సాగుతాయి.

పెద్దలను వదలరాదు

పల్లెల్లో చాలామంది వృద్ధులకు విడిగా ఫొటోలుండవు. వారు కాలం చేశాక పెళ్లి ఫొటోలోని ముఖాన్నే వేరుచేసి, పెద్దది చేయించి పటం కట్టించుకుంటారు. అందుకే ఫ్రేము అంచున కూర్చున్న తాత, నాయనమ్మల ముఖాలూ స్పష్టంగా పడేలా చూసుకోవాలి.