పోలీసు డ్రోనుకు పగ్గాలెందుకు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ తదితర పేటలు నీట మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మేడల మీద చిక్కుకుపోయిన వాళ్ళకు డ్రోన్లు అన్నం పొట్లాలు, మంచినీళ్ళు, మందులు మోసుకుపోయాయి. అదే ఆకాశంలో హెలికాప్టర్లు కూడా ఆహారం జారవిడుస్తూ తిరిగాయి. ప్రాణాలు కాపాడే పనిలో ఉన్న డ్రోనుకు కూడా నియమాలంటూ అడ్డుపడటమేమిటని మీరు అడగవచ్చు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే గతిశక్తి వస్తుందని మీరు చదువుకున్నారు. 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 40 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి 128 జౌళ్ళు. ఆ దెబ్బ నెత్తికి తగలకుండానే కదా హెల్మెట్ పెట్టుకునేది! ఇప్పుడు 2 కిలోల డ్రోను గాలిలో కదలకుండా నిలిచి ఉన్నదనుకోండి. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే హెలికాప్టరు దాన్ని తాకితే, హెలికాప్టరులోని వాళ్ళకు డ్రోనే ఆ వేగంతో దూసుకొచ్చినట్లు లెక్క. అప్పుడు 3,600 జౌళ్ళు! అంటే 28 బంతులు ఒకేసారి, ఒకేచోట తగిలినట్లన్నమాట.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2025 జనవరి 9న అమెరికాలోని లాస్ ఏంజెలిస్ దగ్గర కార్చిచ్చును ఆర్పడానికి ఒక విమానం సముద్రంలోంచి నీళ్ళు ముంచుకుపోయి మంటల మీద కుమ్మరిస్తున్నది. నిషేధం ఉన్నా ఎవరో ఆసామి మంటలు చూద్దామని డ్రోను ఎగరేశాడు. అది 2 కిలోమీటర్లకు పైగా పోయి అతని కంటికి కనబడకుండా పోయింది. చివరకు విమానం ఎడమ రెక్కను గుద్దింది. రెక్కకు సుమారు 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు చిల్లి పడింది. విమానం క్షేమంగానే దిగింది గాని, మంటలు చెలరేగుతున్న ఆ రోజుల్లో మరమ్మతు కోసం నేల మీదే ఉండిపోయింది.

మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమాలు ఆకాశానికి మూడు రంగులు వేశాయి. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. పసుపు ప్రాంతానికి విమానాల రాకపోకలను నియంత్రించే అధికారుల అనుమతి, ఎరుపు ప్రాంతానికి కేంద్రప్రభుత్వ అనుమతి కావాలి. మనుషులున్న విమానం వస్తే డ్రోను దారి ఇవ్వవలసిందే. ఈ నియమాలు సైన్యానికి, నౌకాదళానికి, వైమానిక దళానికి వర్తించవు. ఆ జాబితాలో పోలీసులు లేరు! కేంద్రం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప వారూ వీటికి లోబడవలసిందే.

అయితే పోలీసులకు ఒక అధికారం ఉంది. అత్యవసరమైతే ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపుగా ప్రకటించి, అక్కడ డ్రోన్లు ఎగరకుండా ఆపవచ్చు. ఆ ప్రకటన చేసే అధికారి ఎస్.పి. హోదాకు తగ్గకూడదు. ఒక విడతకు 96 గంటలు దాటకూడదు. ప్రాంతం మరీ పెద్దది కాకుండా చూడాలి. అధికారం ఇస్తూనే దానికి గడియారం కట్టిన ఈ నియమం నాకు అన్నిటికంటె తెలివైనదిగా తోస్తుంది.

రెక్కల సంగతి ఇది. కంటి సంగతి వేరు. వరదలో మనిషిని వెతికే కెమెరాకు పక్క డాబా మీద బట్టలు ఆరేసుకునే వాళ్ళూ కనిపిస్తారు. వేడిని పసిగట్టే కెమెరా అయితే చీకట్లో ఉన్నవాళ్ళనూ చూపిస్తుంది. ఆ చిత్రాలను ఎవరు చూడాలి, ఎన్నాళ్ళు దాచాలి అన్నదాని గురించి 2021 నియమాలు వివరంగా చెప్పలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, జోక్యం ఆ అవసరానికి మించకూడదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2013లోనే ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పోలీసులు డ్రోనుతో సాక్ష్యం సేకరించాలంటే సాధారణంగా న్యాయమూర్తి ఇచ్చిన వారంటు కావాలి. ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు, తప్పిపోయిన వాళ్ళను వెతికేటప్పుడు మాత్రం అక్కరలేదు.