శిల్పం కూడా హక్కే

కవిత్వం నేర్పితే వచ్చేది కాదని, పుట్టుకతోనే అబ్బాలని మన సాహిత్యలోకంలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. పూర్వజన్మ సంస్కారం, సరస్వతీ కటాక్షం, సహజ ప్రతిభ... పేరేదైనా సారం ఒక్కటే. మనిషి విలువను పుట్టుకతో కొలిచే సమాజంలో ఈ మాటను అమాయకమైనదిగా తీసుకోలేం. కవికి ప్రతిభతో పాటు వ్యుత్పత్తి, అభ్యాసం కూడా కావాలని మన ఆలంకారికులే చెప్పారు. ప్రతిభ ఏ వాడలోనైనా పుడుతుంది. వ్యుత్పత్తికి మాత్రం పుస్తకం కావాలి. అభ్యాసానికి గురువు కావాలి, తీరిక కావాలి. ఇవి శతాబ్దాల తరబడి కొన్ని ఇళ్లకే దక్కాయి. ఆ ఇళ్లలో అబ్బిన విద్యను దైవదత్తమనీ, బడి గడప తొక్కనివ్వని వారికి రాని విద్యను ప్రతిభాలోపమనీ పిలవడం కులం సాహిత్యానికి నేర్పిన తర్కం.

కవిత్వ కార్యశాలల ప్రాధాన్యాన్ని ఈ వెలుగులో చూడాలి. తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి గుట్టుగా అందే మెలకువలను నలుగురి మధ్య బల్ల మీద పరచి చర్చకు పెట్టడమే కార్యశాల చేయగల పని. అయితే మన దగ్గర జరిగేవాటిలో చాలావరకు ఉపన్యాసం, కవితాపఠనం, ప్రశంసాపత్రంతో ముగిసిపోతాయి. రాయడం మొదలుపెట్టిన విద్యార్థికి ఆ ప్రోత్సాహం అవసరమే. ఐదారేళ్లు రాసి, ఒక సంపుటి వేసి, తన గొంతు తనకే పాతబడిపోయిందని గ్రహించిన కవికి కావలసింది వేరు. రాసినదాన్ని విప్పి మళ్లీ కట్టే ఉన్నత శిక్షణ అతనికి కావాలి. దళిత, బహుజన, ఆదివాసీ, మైనారిటీ యువకవులకు మనం ఇవ్వలేకపోతున్నది సరిగ్గా అదే.

శిల్పం మీద పట్టు ఏం సాధించగలదో గుర్రం జాషువా జీవితమే నిరూపించింది. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి, తనను అంటరానివాడన్న పండిత లోకం గర్వించే ఛందస్సునే స్వాధీనం చేసుకున్నాడు. ‘గబ్బిలం’లో ఆయన ఎంచుకున్నది సందేశకావ్య సంప్రదాయం. కాళిదాసు యక్షుడు ప్రేయసికి మేఘంతో కబురంపితే, జాషువా నాయకుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో తన గోడు విన్నవించుకుంటాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. ఆ ఒక్క ఎంపికలో ఒక సామాజిక వ్యవస్థ మీద తీర్పు ఉంది. ఆ ఎంపిక ఆవేశం నుంచి మాత్రమే పుట్టలేదు. సంప్రదాయాన్ని లోపలి నుంచి ఎరిగి, అది ఎక్కడ తిరగబడుతుందో తెలిసిన చేయి చేసిన పని అది.

1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తర్వాత దళిత కవిత్వం ఉప్పెనలా వచ్చింది. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ ఆ గొంతులను ఒక్కచోట చేర్చింది. ఆ కవిత్వాన్ని నినాదమనీ, శిల్పం లేదనీ ఈసడించినవారు ఉన్నారు. తెలుగు వచనకవితకు కొత్త పలుకుబడిని, కొత్త ప్రతీకలను ఇచ్చింది ఆ కవులేనన్నది వారు చూడలేదు. ఆ ఈసడింపుకు ఎదురుగా మన వైపున కూడా ఒక వాదం స్థిరపడింది: మా అనుభవమే మా శిల్పం, మాకు ఎవరి పాఠాలూ అక్కరలేదు అని. ఉద్యమ సందర్భంలో ఆ ధిక్కారం న్యాయమైనది. దాన్నే నిత్యసూత్రంగా మార్చుకుంటే నష్టపోయేది మనమే. అనుభవం మీది, కళ మాది అనే పంపకాన్ని ఆధిపత్య విమర్శ ఎప్పటినుంచో కోరుకుంటోంది. దానికి మన చేత్తో మనమే సంతకం పెట్టినట్టవుతుంది.

ఇదే చిక్కును అమెరికా నల్లజాతి కవులూ ఎదుర్కొన్నారు. 1972లో మహారాష్ట్ర యువకులు తమ సంస్థకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్ననాటి నుంచీ ఆ పోరాటం మనకు పరిచితమే. 1941లో చికాగో దక్షిణ ప్రాంతంలోని ఒక సామాజిక కళాకేంద్రంలో ఇనెజ్ కనింగ్‌హామ్ స్టార్క్ అనే సంపన్న శ్వేతజాతి మహిళ నల్లజాతి యువకవులకు కార్యశాల నడిపారు. అక్కడ పదును తేలిన వారిలో గ్వెండలిన్ బ్రూక్స్ ఒకరు. 1950లో కవిత్వానికి పులిట్జర్ బహుమతి పొంది, ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత అయ్యారు. 1967 తర్వాత ఆమె అదే నగరంలో బ్లాక్‌స్టోన్ రేంజర్స్ అనే వీధి ముఠా యువకులతో సహా కొత్త తరం నల్లజాతి యువతకు తానే కార్యశాల నిర్వహించారు. పాఠం చెప్పే కుర్చీ చేతులు మారింది. మనం గమనించవలసిన మలుపు అదే. 1996లో టోయి డెరికాట్, కార్నీలియస్ ఈడీ నల్లజాతి కవుల కోసమే ‘కేవ్ కానెమ్’ను స్థాపించారు. తమ భాషను, తమ చరిత్రను అడుగడుగునా వివరించుకోవలసిన అగత్యం లేని చోట శిల్పం గురించి మాట్లాడుకోవాలన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన.

అలాంటి చోట జరగవలసిన పని ఏమిటి? ఒక విద్యార్థి ‘అవమానం నన్ను దహిస్తోంది’ అని రాశాడనుకుందాం. నినాదమని కొట్టిపారేయడం సులువు. బాగుందని చప్పట్లు కొట్టడం ఇంకా సులువు. రెండు గ్లాసుల పద్ధతి పాటించిన టీకొట్టు గురించే అతను రాస్తున్నట్లయితే అడగవలసిన ప్రశ్నలు వేరు. ఆ గ్లాసు ఎక్కడ వేలాడుతోంది? తాగాక దాన్ని కడిగిందెవరు? ఇక్కడ మాట్లాడుతున్నది ‘నేను’ అయితే, చివరి పాదంలో ‘మేము’గా ఎందుకు మారింది? పాదం ఇక్కడే ఎందుకు విరగాలి? క్రియాపదాన్ని ముందుకు జరిపితే కోపం పెరుగుతుందా, పలచబడుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ అదే కవితను నాలుగుసార్లు తిరగరాయడమే ఉన్నత శిక్షణ. అది కోపాన్ని చల్లార్చదు, గురి నేర్పుతుంది.

అయితే ఆ ప్రశ్నలు వేసే చెవి ఎవరిదన్నది కీలకం. మాండలికం కనిపించగానే ‘సరిచేసే’ శిక్షకుడు కవిని శిష్టభాషకు అప్పగిస్తాడు. డప్పు దరువులోని లయను, చిందు కళాకారుల కథనాన్ని, డక్కలివారు చెప్పే జాంబపురాణ నిర్మాణాన్ని, పొలంలో నాట్లేసే స్త్రీల పాటల్లోని పునరుక్తిని యతిప్రాసలతో సమానమైన విద్యగా బోధించాలి. యతిప్రాసలనూ వదులుకోనక్కరలేదు. ఒకటి నేర్చుకోవడానికి మరొకటి మరచిపోవాలన్న షరతు వద్దు. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల వంటి రచయిత్రులు కులం, జెండర్ రెండూ కలిసిన చోటు నుంచి తెచ్చిన భాష ఏ కార్యశాలకైనా పాఠ్యగ్రంథం కాదగినది.

ఇది జరగాలంటే ముందు ఎవరు రాగలరో ఆలోచించాలి. నగరంలో, ప్రవేశ రుసుముతో, పనిదినాల్లో జరిగే కార్యశాల ఎవరిని బయట నిలబెడుతుందో వేరే చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాలు తమ ప్రాంగణాల్లోనే సంవత్సరం పొడవునా సాగే కార్యశాలలు పెట్టాలి. ప్రయాణ ఖర్చు, భోజనం, కూలి కోల్పోయేవారికి భృతి ఇవ్వాలి. శిక్షకుల్లో దళిత బహుజన కవులు, ముఖ్యంగా స్త్రీలు, సగానికి తగ్గకుండా ఉండాలి. ప్రజాధనంతో నడిచే సాహిత్య సంస్థలను ఇంతమాత్రం అడగడం అత్యాశ కాదు.

చదువు, భూమి, అధికారంలో వాటా కోరిన ఉద్యమాలు కళలోనూ వాటా కోరాలి. కథావస్తువుగా మనల్ని స్వీకరించడానికి సాహిత్యలోకానికి ఇప్పుడు పెద్ద అభ్యంతరం లేదు. కొలబద్ద చేతికిచ్చే దగ్గరే అది తటపటాయిస్తోంది. ఆ కొలబద్దను అందుకోగల తరాన్ని తయారుచేసుకోవడం ఇక మన పని.