గాజు మెట్టుతో కాంతికి దారి

శృంగవరపుకోట వంటి పట్టణాలకు ఇంటర్నెట్‌ను చేరవేసే ఆప్టికల్ ఫైబర్‌లో ఒక్కో గాజు పోగు వ్యాసం 125 మైక్రాన్లు కాగా, కాంతి ప్రయాణించే నడిమి భాగమైన కోర్ దాదాపు 9 మైక్రాన్లే. కోర్ ఇంత సన్నగా ఉండడం వల్ల కాంతి అందులో ఒకే ఒక ఆకృతిలో నిలకడగా సాగుతుంది. ఆ ఆకృతినే మోడ్ అంటారు. కోర్‌ను కొంత వెడల్పు చేస్తే మరికొన్ని మోడ్‌లకు చోటు దొరుకుతుంది, ఒక్కొక్కదానిపై వేర్వేరు సమాచారం పంపితే ఒక్క పోగే అనేక పోగుల పని చేస్తుంది. అయితే లేజర్ ఇచ్చేది మామూలుగా ఒకే గుండ్రని వెలుగు మచ్చ కాబట్టి, దాన్ని కోరిన మోడ్‌గా మలచడమే అసలు చిక్కు.

ఆ పనికి ఉపయోగపడేది వివర్తన ఫలకం. సన్నని అంచుల వద్ద తరంగం వంగి, విస్తరించి, తనలో తాను కలిసి కొత్త ఆకృతి దాల్చడమే వివర్తనం. మొదటి మోడ్ తర్వాతిదైన ఎల్‌పి11లో రెండు వెలుగు మచ్చలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో తరంగం శిఖరానికి చేరిన క్షణాన రెండోదానిలో అడుగున ఉంటుంది. 1.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కాంతికి ఈ రూపం ఇవ్వాలంటే సిలికా పలకలో సగాన్ని సుమారు 1.75 మైక్రాన్ల లోతున చెక్కాలి. అప్పుడు మందంగా మిగిలిన సగంలో కాంతి సగం తరంగం మేర వెనకబడుతుంది. కిరణం మధ్యభాగం సరిగ్గా ఆ మెట్టు అంచునే తాకాలి, ఏ మాత్రం జరిగినా కాంతిలో కొంత మొదటి మోడ్‌లోకే జారిపోతుంది.

పై మోడ్‌లకు ఒక్క మెట్టు చాలదు. 1972లో గెర్చ్‌బర్గ్, సాక్స్‌టన్ ప్రతిపాదించిన పద్ధతిలో కంప్యూటర్ ఫలకానికీ ఫలిత చిత్రానికీ మధ్య పదేపదే లెక్క కట్టి, ఎక్కడెంత లోతు చెక్కాలో తేలుస్తుంది. ఆ లోతులను 2 స్థాయిలతో సరిపెడితే కోరిన చోటికి చేరే కాంతి సిద్ధాంతరీత్యా 40.5 శాతమే, 4 స్థాయిలతో 81, 8 స్థాయిలతో 95 శాతం. కాబట్టి స్థాయిల్లో పొదుపు చేయడం తెలివైన పని కాదు.

ఫైబర్ వంగినప్పుడు మోడ్‌లు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగల్లా విద్యుత్ స్తంభాల మీద గాలికి ఊగేవాటిలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ కాగలదు గనుక, అవతలి కొసన మోడ్‌లను వేరుచేసే ఫలకాలూ గణనా కావాలి.

రెండు మోడ్‌ల ఫైబర్ నుంచి ప్రత్యేక ధ్రువణం (తరంగం కంపించే దిశ) గల కిరణాలను రాబట్టిన పరిశోధనను హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లోనే ప్రచురించారు. వివర్తన ఫలకాలను చెక్కడానికి ఖరీదైన ప్రయోగశాల కావాలి గాని రూపకల్పనకు మామూలు కంప్యూటరు, ఫోరియర్ గణితం చాలు. విజయనగరం జిల్లా ఇంజనీరింగ్ కళాశాలలు ఈ రూపకల్పనను చివరి ఏడాది ప్రాజెక్టుగా విద్యార్థులకు ఇవ్వాలి.