సముద్రంలో పడ్డ 61 వేల బూట్లు.. అలల గుట్టు లాగిన సైంటిస్ట్ కథ ఇదీ!

నడి సముద్రంలో ఒక వస్తువు పడిపోతే అది ఎక్కడ తేలుతుంది? ఎన్నాళ్లకు ఒడ్డుకు చేరుతుంది? ఈ ప్రశ్న చుట్టూనే జీవితమంతా తిరిగిన శాస్త్రవేత్త కర్టిస్ ఎబ్బెస్‌మేయర్. అమెరికాలోని సియాటెల్‌లో ఉండే ఈయన యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు. సముద్ర శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఎక్కువ కాలం కన్సల్టెంట్‌గా పనిచేశారు. కానీ ప్రపంచానికి ఆయన్ను పరిచయం చేసింది ఆ ఉద్యోగం కాదు.. బూట్లు, బాతు బొమ్మలు!

అసలేం జరిగిందంటే.. 1990 మే 27న కొరియా నుంచి అమెరికా వెళ్తున్న హాన్సా క్యారియర్ అనే నౌక పసిఫిక్ మహాసముద్రంలో తుపానులో చిక్కుకుంది. 21 కంటైనర్లు నీళ్లలో పడిపోయాయి. వాటిలో ఐదింటిలో ఉన్నవి నైకీ బూట్లు. మొత్తం 61 వేలకు పైనే. కొన్ని నెలల తర్వాత అమెరికా, కెనడా పశ్చిమ తీరాలకు బూట్లు కొట్టుకురావడం మొదలైంది. పేపర్‌లో ఆ వార్త చూసిన ఎబ్బెస్‌మేయర్ తల్లి, ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయని కొడుకును అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే ఆయన దారి మార్చేసింది.

బూట్లతో సైన్స్ ఏంటి అనుకోవచ్చు. ప్రవాహాలను తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు అంతకుముందు సీసాల్లో చీటీలు పెట్టి సముద్రంలో వదిలేవారు. ఒకేసారి ఐదొందలో, వెయ్యో. వాటిలో నూటికి రెండు మూడు దొరికితే గొప్ప. ఇక్కడ ఏ ప్రభుత్వం నుంచీ పైసా గ్రాంట్ లేకుండానే వేల బూట్లు నీళ్లలోకి వెళ్లాయి. పైగా ప్రతి బూటు లోపలా ఆర్డర్ నంబర్ ఉంది. దాన్ని బట్టి అది ఏ కంటైనర్‌లోదో చెప్పేయొచ్చు. ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో ముందే తెలుసు. ఇక కావాల్సింది ఎక్కడ దొరికిందో చెప్పేవాళ్లే.

అందుకే ఎబ్బెస్‌మేయర్ బీచ్‌ల వెంట తిరుగుతూ వస్తువులు ఏరుకునేవాళ్లను పట్టుకున్నారు. వాళ్లు చెప్పిన తేదీలు, చోట్లు రాసుకున్నారు. వెయ్యికి పైగా బూట్ల లెక్క దొరికింది. ఆ వివరాలను అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఇంగ్రహామ్ తయారుచేసిన కంప్యూటర్ మోడల్‌తో పోల్చి చూశారు. గాలి, ప్రవాహాల ఆధారంగా వస్తువు ఎటు వెళ్తుందో లెక్కగట్టే మోడల్ అది. ఇద్దరూ కలిసి ఆ ఫలితాలను 1992లో ప్రచురించారు.

ఇందులో ఓ వింత కూడా బయటపడింది. కుడి కాలి బూటు, ఎడమ కాలి బూటు ఒకేలా కొట్టుకుపోవు. ఆకారం తేడా వల్ల గాలి వాటిని వేర్వేరు వైపులకు నెడుతుంది. జతలను కట్టి ప్యాక్ చేయకపోవడంతో ఒడ్డున దొరికినవన్నీ ఒంటి బూట్లే. చాలావరకు కడిగితే వేసుకునేలానే ఉన్నాయి. దాంతో జనం ఒకచోట చేరి, జత కలిసే బూటు కోసం మార్పిడి చేసుకున్నారు!

తర్వాత వచ్చినవి బాతులు. 1992 జనవరిలో హాంకాంగ్ నుంచి అమెరికాలోని టకోమాకు వెళ్తున్న నౌక నుంచి 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలు పసిఫిక్‌లో పడ్డాయి. పసుపు బాతులు, ఎర్ర బీవర్లు, నీలం తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు. వాటికి రంధ్రాలు లేవు కాబట్టి నీళ్లు లోపలికి పోలేదు. దాదాపు 3,200 కిలోమీటర్లు తేలి, పది నెలల తర్వాత అలాస్కాలోని సిట్కా దగ్గర కనిపించాయి. అంతటితో అయిపోలేదు. కొన్నేళ్ల విరామంతో అదే తీరంలో మళ్లీ మళ్లీ తేలాయి. అంటే ఉత్తర పసిఫిక్‌లోని ఓ పెద్ద సుడి వాటిని గుండ్రంగా తిప్పుతోందన్నమాట. ఒక్క చుట్టుకు సుమారు మూడేళ్లు పడుతుందని ఎబ్బెస్‌మేయర్ తేల్చారు. ఆ సుడి ఉందని ముందే తెలుసు, ఎంత వేగంగా తిరుగుతుందో లెక్క చెప్పింది మాత్రం ఈ బొమ్మలే.

ఇక కన్సల్టింగ్ సంగతి. మురుగునీటి పైపు సముద్రంలో ఎక్కడ వదలాలి, చమురు లీకైతే ఏ ఒడ్డుకు ముప్పు, రిగ్ ఎంత అలను తట్టుకోవాలి.. ఇలాంటి ప్రశ్నలకు కంపెనీలు, మున్సిపాలిటీలు డబ్బిచ్చి జవాబు తెప్పించుకుంటాయి. జీతం బాగానే ఉంటుంది. కానీ ఒక చిక్కుంది. ఆ రిపోర్టు చాలాసార్లు డబ్బిచ్చినవాళ్ల ఫైల్‌లోనే ఉండిపోతుంది. బూట్ల లెక్క అలా కాదు, అందరిదీ. 1996 నుంచి బీచ్‌లో ఏరుకునేవాళ్ల కోసమే ఎబ్బెస్‌మేయర్ ఒక న్యూస్‌లెటర్ నడిపారు. పసిఫిక్‌లో ప్లాస్టిక్ పోగుపడే ప్రాంతానికి 'చెత్త ప్యాచ్' అన్న పేరు ప్రచారంలోకి రావడంలోనూ ఆయన పాత్ర ఉంది.

ఈ లెక్కలు మనకెందుకు అంటారా? హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు చేసేదీ ఇలాంటి పనే. వేటకెళ్లిన పడవ కనిపించకుండా పోతే ఎక్కడ వెతకాలో చెప్పేందుకు ఈ సంస్థ 2016లో 'సరాట్' అనే టూల్ తెచ్చింది. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి ఒకలా కొట్టుకుపోతాడు, ఖాళీ పడవ ఇంకోలా. కుడి బూటు, ఎడమ బూటు తేడా లాంటిదే ఇది కూడా. కాకపోతే ఇక్కడ లెక్క తప్పితే పోయేది ప్రాణం. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 నౌక 640 కంటైనర్లతో మునిగినప్పుడు, అవి ఎటు కొట్టుకుపోతాయో అంచనా వేసిందీ ఇన్‌కాయిసే. ఆ తర్వాత తిరువనంతపురం బీచ్‌ల్లో ఇసుకలో కలిసిపోయిన ప్లాస్టిక్ గుళికలను వాలంటీర్లు జల్లెడ పట్టి ఏరాల్సి వచ్చింది.