కరిగిన లోహములో ప్రవాహము

బైలడిల్లా ఇనుప ఖనిజమును నింపుకొని, అరకు కొండల సొరంగములగుండ విశాఖపట్టణమునకు దిగు గూడ్సుబండ్లను ఆ లోయవారు నిత్యము చూచుచునే యుందురు. కొత్తవలసనుండి కిరండూలువరకు 1960 దశకములో వేసిన దారి యిది. ఆ ఖనిజములో కొంత విశాఖ ఉక్కు కర్మాగారమున కరిగి ఉక్కగును. ఏ ఉక్కైనను వెల్డింగువేళ మరల క్షణకాలము కరుగును. ఆ చిన్న మడుగులోని వింతయే నేటి ప్రసంగ విషయము.

ప్రతి ద్రవమునకును పైపొర బిగిసియుండు గుణము కలదు. దీనిని తలతన్యత యందురు. తామరాకుమీద నీటిబొట్టు గుండ్రముగా నిలుచుట దీనివలననే. కరిగిన ఇనుములో ఈ బిగువు నీటికన్న ఇంచుమించు ఇరువదియైదు రెట్లు అధికము. సాధారణముగా వేడి పెరిగినకొలది బిగువు సడలును. అప్పుడు చల్లనిచోటు వేడిచోటి పైపొరను తనవైపునకు లాగుకొనును; దానితో అడుగునున్న ద్రవమును కదలును. కాలిన పెనముమీద పలుచగా రాచిన నూనె నడుమ విడిచి అంచులకు పోవుట గృహిణులెరుగుదురు. పెనము నడుమ కొంచెము ఉబ్బియున్న మాట నిజమే గాని, చదునైన పెనముమీదను ఇట్లే జరుగును.

1855లో జేమ్స్ థామ్సన్ ద్రాక్షసారాయి పాత్ర అంచున జారు బొట్లనుబట్టి తలతన్యతాభేదమే ద్రవమును నడుపునని చెప్పెను. 1865లో ఇటలీదేశపు పావియాలో కార్లో మారంగోనీ ఇదే విషయమును పరిశోధించెను. పేరు మాత్రము రెండవవానికే దక్కినది.

ఇక వెల్డింగు సంగతి. విద్యుచ్చాపము తాకిన నడిమిభాగము అంచులకన్న మిక్కిలి వేడిగా నుండును. కనుక ద్రవము నడుమనుండి అంచులకురుకుచు వేడిని వెంటగొనిపోవును. మడుగు వెడల్పగును, లోతు కాదు. అతుకు పైకి ముచ్చటగానే యుండును; అడుగున మాత్రము రేకులు కలియవు. ఆవిరిగొట్టమునకట్టి అతుకు పడిన ఫలితమును ఊహించుకొనవచ్చును.

విచిత్రమేమనగా, ఒకే రకపు స్టెయిన్‌లెస్ స్టీలు, అదే విద్యుత్తు, అదే చేయి; అయినను ఒక రేకులో అతుకు లోతుగా దిగును, మరియొకదానిలో దిగదు. 1982లో అమెరికాలో హైపిల్, రోపర్ అను శాస్త్రజ్ఞులు దీనికి కారణము చూపిరి. అది గంధకము. గంధకము పైపొరన చేరి బిగువును తగ్గించును. వేడి హెచ్చినచోట పైపొరను వీడును. అందుచేత అక్కడ బిగువు హెచ్చును. ప్రవాహము తలక్రిందులై, అంచులనుండి నడుమకు వచ్చి, వేడితోసహా అడుగునకు దిగును. లక్షపాళ్ల ఉక్కులో గంధకము మూడుపాళ్లకు తగ్గినచో అతుకు లోతు చాలదు. ఏడుపాళ్లు దాటినచో చక్కగా దిగును. ఉక్కును శుద్ధిచేసినకొలది పనివానికి చిక్కు పెరిగెనన్నమాట! అట్లని గంధకము మితిమీరిన అతుకు బీటలువారును.

అందుకని కొందరు అతుకుచోట ఆక్సైడుల పొడిని పలుచగా పూయుదురు. కీవ్‌లోని పాటన్ సంస్థ 1960 దశకములో ఈ మార్గము ప్రారంభించెను. మన కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రమువారును ఇట్టి పొడిని తయారుచేసిరి.

గంధకము తక్కువైన రేకును, ఎక్కువైన రేకును జతపరచునప్పుడు మరొక తిప్పలు. చాపమును సరిగా నడుమ నిలిపినను, మడుగు గంధకము తక్కువైన ప్రక్కకు ఒరిగిపోయి, కీలు తప్పిపోవచ్చును. ఆ పనివారు రేకుతో వచ్చు ధ్రువపత్రములో మొదట గంధకపు అంకెనే వెదకుట ఇందువలననే.