కొండమీది చలికి మన కట్టూ బొట్టూ

దీపావళి వెళ్ళి నాగులచవితి వచ్చేసరికి మన కొరాపుట్ కొండలమీద చలి దిగుతుంది. కోస్తాలో ఉన్న మన చుట్టాలకు చలికాలమంటే, తెల్లవారుజామున కాళ్ళదగ్గరి దుప్పటిని మెడదాకా లాగుకొనే పాటి ముచ్చట. జయపురం, కొరాపుట్, సిమిలిగుడ, సునాబెడ ఊళ్ళలో కాపురాలు చేసికొంటున్న మనకు అట్లా కాదు. ఒడిశా రాష్ట్రంలోకెల్ల ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, మన జిల్లాలోనే ఉన్నది. పుష్యమాసంలో ఆ వైపు ఊళ్ళలో ఒక్కొక్కనాటి ఉదయం పచ్చికమీద ఉప్పు చల్లినట్లు మంచు పేరుకొంటుంది. పదిగంటలయ్యేసరికి ఎండ చుర్రుమంటుంది. సాయంత్రం దీపాలవేళకు మళ్ళీ వణుకు మొదలు. ఒకే రోజులో రెండు కాలాలన్నమాట.

మరి మన బీరువాలు తెరిచి చూడండి. అన్నీ కోస్తా బట్టలే. జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, అంటే 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడడానికి ముందే, మన పెద్దలు సాలూరు ఘాటు ఎక్కి గుమాస్తాలుగా, వర్తకులుగా, బడిపంతుళ్ళుగా ఇక్కడికి వచ్చారు. వచ్చేటప్పుడు తమతో చలువ చీరలూ, పల్చని పంచెలూ తెచ్చుకొన్నారు. ఇల్లు కొండ ఎక్కినది గాని కట్టు మాత్రం ఇంకా సముద్రపు ఒడ్డునే ఉన్నది. ఇప్పటికీ పెళ్ళికి, పండుగకు బట్టలు కొనాలంటే విజయనగరమో విశాఖపట్టణమో దిగుతాము. అక్కడి దుకాణంలో చలికి ఆగే బట్ట చూపించమంటే, ఆ అబ్బాయి మనల్ని ఎగాదిగా చూస్తాడు.

సొగసు సంగతికి రాకముందు ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో చలికి నిజంగా బాధపడేవారు ఇద్దరు. ఒకరు ఇంట్లో పెద్దావిడ. మరొకరు కాలేజీకి పోయే ఆడపిల్ల. ఇద్దరూ స్వెట్టరు వేసికోరు. కారణాలు మాత్రం వేరు.

మార్గశిర లక్ష్మివారాలు వచ్చాయంటే పెద్దావిడ చీకటితోనే తలస్నానం చేసి, తడి జుట్టుతో, ఒంటి చీరతో గడపలు కడిగి ముగ్గులు పెడుతుంది. మన ఒడియా పొరుగువారి ఇళ్ళలోనూ అదే నెలలో గురువారాలు మాణబసా పూజ. వాకిట ఝోటి ముగ్గులు వేస్తూ అక్కడి అత్తగారూ అట్లాగే వణుకుతుంటుంది. స్వెట్టరు వేసికోవమ్మా అంటే, "నాకేం జబ్బా?" అని కసురుతుంది. లేదా, "మడికి పనికిరాదు" అంటుంది. ఇక్కడే మా మనవి. ధావళి కట్టుకొంటే మడికి భంగం లేదని చెప్పినది ఆ పెద్దావిడలే. ధావళి అంటే ఏమిటి? ఉన్నిబట్టే గదా! ఉన్ని ధావళి మడికి పనికివచ్చినప్పుడు ఉన్ని శాలువ ఎందుకు పనికిరాదు? కుట్టిన బట్ట కాదు, మైల అంటదు. ఈ తర్కం మా ఇంట్లో ఒకరిమీద ప్రయోగించి చూశాము. మొదటి వారం వినలేదు. రెండవ వారం శాలువ తీసికొని, "ఇదేమైనా నూలు కలిసినదా?" అని పరీక్షగా అడిగి, కప్పుకొన్నది.

ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. వయసు మీదపడినకొద్దీ ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది. చలి వేస్తున్నదన్న సంగతి కూడా వారికి వెంటనే తెలియదు. చేతులు చల్లబడి, మాట మందగించేదాకా "నాకేం చలిలేదు" అంటూనే ఉంటారు. కనుక వారిని అడగవద్దు. చేయి పట్టుకొని చూడండి. చల్లగా ఉంటే కప్పండి.

ఆడపిల్ల సంగతి వేరు. ఆమెకు జబ్బుమనిషిలా కనబడడం ఇష్టం లేదు. ముచ్చటపడి కుట్టించుకొన్న కుర్తా ముదురు ఊదారంగు స్వెట్టరు కింద కప్పడిపోతే, ఇక కుట్టించుకొన్నది దేనికి? మొదటి బస్సుకు మంచులో నిలబడి రెండు చేతులూ చంకల్లో పెట్టుకొంటుంది గాని స్వెట్టరు మాత్రం సంచిలోనుంచి తీయదు. తిట్టి లాభం లేదు. ఆమె చెప్పేదాంట్లో న్యాయమున్నది. చలికి వేసికొనేది కూడా ఆ రోజు కట్టులో ఒక భాగమైతే దాచవలసిన పనిలేదు, దాగవలసిన పనీ లేదు.

వెచ్చదనం బట్ట మందంలో లేదు, బట్టలో చిక్కుకొన్న గాలిలో ఉన్నది. ఆ గాలి కదలకుండా ఉంటే ఒంటి వేడి బయటికి పోదు. అందుచేతనే ఒక మోటు స్వెట్టరు కంటే రెండు పల్చని పొరలు ఎక్కువ కాపాడతాయి. మధ్యాహ్నం ఎండ వస్తే ఒకటి తీసివేయవచ్చు కూడాను. మన కొండమీది వాతావరణానికి ఇంతకంటే తగిన పద్ధతి లేదు. తలమీదుగా దించుకొనే పుల్లోవరు తీసినప్పుడల్లా జడ చెదరుతుంది, బొట్టు చెరుగుతుంది. ముందు గుండీలున్న కార్డిగన్ అయితే ఆ బాధ లేదు.

చీరమీద స్వెట్టరు వేసికొనేవారందరి తగాదా ఒక్కటే: పైట లోపలా, బయటా? మన ఆఫీసుల్లో ఎక్కువమంది పైటను లోపల నొక్కి, పైన స్వెట్టరు బిగించుకొంటారు. చీర అందమంతా పోతుంది, పొట్ట దగ్గర మూటకట్టినట్లుంటుంది. మేము చెప్పేది తిరగేసిన పద్ధతి. సన్నని అల్లిక ఉన్న, ఒంటికి పట్టే కార్డిగన్‌ను రవిక మాదిరిగా లోపల వేసికొని, పైట దానిమీదుగా వేసి, భుజం దగ్గర పిన్ను పెట్టండి. చీర అంచూ కొంగూ ఎప్పటిలాగే కనబడతాయి. నడుము కప్పబడుతుంది. మెడదాకా మూసిన అల్లిక రవికలు కూడా ఇప్పుడు దొరుకుతున్నవి. వాటిమీద ఇటుకరంగు సంబల్‌పురీ చీరగాని, చిలకపచ్చ అంచున్న మంగళగిరి చీరగాని కడితే ఎంత హుందాగా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. మోచేతిదాకా చేతులున్న రవికలు మన అమ్మల కాలంలో ఉండేవి గదా. అవి మళ్ళీ కుట్టించుకోండి. మందపాటి నూలుతో మణికట్టుదాకా కుట్టించుకొంటే నవంబరు నెలంతా స్వెట్టరు అక్కరే లేదు.

రంగుల విషయంలో మా అభిప్రాయం కొంత గట్టిది. బూడిదరంగు స్వెట్టరు అన్నిటికీ సరిపోతుందని కొంటారు, చివరికి దేనికీ నప్పదు. మన ఇళ్ళలో ఉన్న చీరలు ఎక్కువగా మిరపపండు ఎరుపు, పసుపు, నేరేడుపండు రంగులవి. వాటన్నిటికీ కలిసేది వక్కరంగు. రెండవది కొనగలిగితే ఆవపిండి రంగు. ఈ రెండూ ఉంటే మూడవది అక్కరలేదు.

కాళ్ళను ఎవరూ పట్టించుకోరు. చెప్పులతో వేసికొనేందుకు బొటనవేలు విడిగా అల్లిన మేజోళ్ళు దొరుకుతవి. పెద్దవాళ్ళు ఇంట్లో నున్నని గచ్చుమీద మేజోళ్ళతో నడిస్తే జారే ప్రమాదమున్నది, అడుగున రబ్బరు చుక్కలున్నవి చూసి కొనండి.

మగవారి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. చేతుల్లేని స్వెట్టరు చొక్కామీద, దానిమీద కోటు, మెడకు మఫ్లరు. పంచె కట్టేవారు పైన ఉన్ని ఉత్తరీయం వేసికొంటే దానికి సాటి లేదు. మంకీ టోపీ మాట మాత్రం ఎత్తక తప్పదు. ఉదయపు నడకకు అది పెట్టుకొని వెళ్ళండి, కాదనము. ఆఫీసులో బల్లముందు కూర్చున్నాక కూడా తీయకపోతే, సంతకానికి వచ్చినవాడు ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియక తికమక పడుతున్నాడు.

ఇక కొనడం. చలికాలంలో ఒడిశా పట్టణాల్లో టిబెట్టువారు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో వారికి నివాసం ఏర్పడినది, అప్పటినుంచి వారు మన రాష్ట్రంవారే. వారమ్మే సరుకు చాలావరకు లూధియానా మిల్లులది. అందులో ఎక్కువ భాగం ఉన్ని కాదు, యాక్రిలిక్. తేలిక, చవుక, ఉతకడం సులువు. తప్పేమీ లేదు గాని ఉన్ని ధరకు యాక్రిలిక్ కొనకూడదు. అనుమానముంటే ఇంటికి వచ్చాక అతుకులోనుంచి ఒక పోగు లాగి నిప్పుమీద పెట్టి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళమధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, గట్టి పూసలాగా మిగులుతుంది.

ఆ కరగడమే భయపడవలసిన సంగతి. వంటింట్లో పొయ్యిదగ్గర జారే శాలువ కప్పుకొని నిలబడడం చలికాలంలో ఇంటింటా కనిపించే దృశ్యం. కొంగుకు మంట అంటుకొంటే పైనున్న యాక్రిలిక్ కరిగి చర్మానికి అతుక్కొంటుంది, గాయం లోతుకు దిగుతుంది. ఉన్ని సులభంగా అంటుకోదు. కనుక వంటింటి వరకైనా శాలువ తీసివేసి, ఒంటికి పట్టే ఉన్ని కార్డిగన్ వేసికొని, కొంగు నడుముకు దోపుకోండి. ఇల్లంతటికీ ఒకే ఒక ఉన్ని వస్త్రం కొనే స్తోమతు ఉంటే, అది వంటచేసే ఆమెకు కొనండి. బజారుకు వెళ్ళే ఆయనకు యాక్రిలిక్ చాలును. అట్లాగే గదిలో కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి నిద్రపోయే అలవాటు మానాలి. బొగ్గులనుంచి వచ్చే విషవాయువుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంతదాకా ఊరినుంచి తెచ్చుకొనే వాటి మాటే చెప్పాము. మన ముంగిట్లో ఉన్నదాన్ని చూడనే లేదు. జయపురంనుంచి బొరిగుమ్మ మీదుగా వెళితే కోట్‌పాడ్ వస్తుంది. అక్కడి నేతవారు మందపాటి నూలుతో నేసే శాలువలు మన చలికి పుట్టినట్లుంటాయి. రంగు తొగరు చెట్టు వేరుది. నూలుకు ఆముదం, పేడ, బూడిద పట్టించి, ఎన్నెన్ని రోజులో నానబెట్టి, ఎండబెట్టి, ఆ తరువాత గాని వేరు రంగులో ముంచరు. ముంచినకొద్దీ ఇటుకరంగునుంచి ముదురు ఎరుపుకు, వక్కరంగుకు పోతుంది. అన్నభేది కలిపితే నలుపు దిగుతుంది. కొంగులో పీత, చేప, శంఖం, పడవ, గొడ్డలి నేస్తారు. ఈ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒడిశాలో ఆ గుర్తింపు పొందిన మొదటి వస్తువు ఇదే. కోట్‌పాడ్ నేతగాడు గోవర్ధన్ పాణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. పల్చని స్వెట్టరుమీద ఈ శాలువ ఒకటి వేసికొంటే గాలి లోపలికి రాదు. మిల్లు శాలువ కంటే ధర ఎక్కువేగాని, చేతిపనికి ఆ మాత్రం ఉండదా? మన సంఘం సభలో వక్తలకు కప్పే జరీ శాలువలు ఇంటికి పోయి పెట్టెలో పడుకొంటున్నవి. వాటికి బదులు ఇవి కప్పితే, సన్మానమూ జరుగుతుంది, చలీ ఆగుతుంది.

రాయగడ వైపు నియమగిరి కొండల్లో డొంగ్రియా కోందుల ఆడపడుచులు తెల్లని ముతకబట్టమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కప్‌డాగండా శాలువకు 2024లో అదే గుర్తింపు వచ్చినది. అది వారు తమకిష్టమైనవారికి కానుకగా ఇచ్చుకొనేది. మన పిల్లలు దాన్ని కుర్తామీద వేసికొంటే చాలా అందంగా ఉంటుంది. స్వెట్టరు వద్దన్న పిల్ల ఇది వద్దనదు. ఎవరు కుట్టారో తెలిసికొని, కుట్టినవారికే సొమ్ము చేరేటట్లు కొనాలి.

ఉన్నిబట్టల్ని మన ఆడవాళ్ళు పాడుచేసేది ఉతుకులోనే. వేడినీళ్ళు, సోడా సబ్బు, పిండటం, తీగమీద వేలాడదీయడం, ఇన్నీ చేశాక స్వెట్టరు చిన్నపిల్లవాడికి సరిపోతుంది. చన్నీళ్ళలో కుంకుడు రసం కలిపి, నొక్కి తీయండి. పిండకుండా తువాలులో చుట్టి నీరు లాగించి, నీడలో చాపమీద పరచండి. రథసప్తమి వెళ్ళాక, పూర్తిగా ఆరిన తరువాతనే, ఎండు వేపాకు గుడ్డలో కట్టి మధ్యమధ్య పెట్టి మడిచి దాచండి. మురికితో దాస్తే చిమ్మెటలు పడతవి. పిల్లవాడి చేతులు పొట్టి అయినట్లుంటే ఆ స్వెట్టరు పెట్టెలో పెట్టవద్దు. ఇప్పుడే విప్పి, నూలు చిలపలుగా చుట్టి, తడిపి నీడలో ఆరవేస్తే వంకరలు పోతాయి. ఎండాకాలపు మధ్యాహ్నాలు సూదులు పట్టుకొంటే, ఇంకో రంగు ఉండ ఒకటి కలిపి, కార్తికమాసానికి కొత్తది సిద్ధమవుతుంది.